శంకుస్థాపనల రేవు

ఆంధ్రప్రదేశ్‌కి సముద్రతీరం పెరిగింది. నిన్నమొన్నటిదాకా బడి పుస్తకాల్లో 974 కిలోమీటర్లని బట్టీపట్టాం. కేంద్రం మళ్ళీ కొలిపించి 1,053 అని తేల్చింది. సముద్రం మనకి అదనంగా ఏమీ రాసివ్వలేదు. పాత పటంలో ఆనని వంపులూ వంకలూ నదీముఖాలూ కొత్త పటంలో ఆనాయి, అంతే. ఇంత సన్నగా కొలిచిన మహానుభావులకి ఆ వంకల్లో మనుషులు కూడా ఉన్నారన్న సంగతి ఆనిందో లేదో! ఆనే ఉంటుంది. కాకపోతే మనుషుల్ని కొలిచే బద్ద వేరు. దాన్ని అయిదేళ్ళకోసారే బయటికి తీస్తారు.

గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ, వైనతేయ అంటూ చీలిపోతుంది. కృష్ణమ్మ పులిగడ్డ దగ్గర రెండై దివిసీమని చుట్టేస్తుంది. పాయకీ పాయకీ మధ్య లంకలు, లంకల్లో ఊళ్ళు. సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్ళాలన్నా, ఏటిమొగ నుంచి ఎదురుమొండి వెళ్ళాలన్నా రేవుకి రావాలి, పంటు ఎక్కాలి. పంటు ఎరగని పట్నవాసుల కోసం చెబుతున్నా: రెండు పడవల్ని పక్కపక్కన బిగించి, మీద బల్లలు పరిచి, ఇంజను తగిలిస్తే పంటు. దానిమీద అరటిగెలల ఆటో, పాలకేనుల మోటారు సైకిలు, పెళ్ళివారి కారు, కాలేజీ పిల్లలు, గంపలో రొయ్యలతో మత్స్యకారుల ఆడవాళ్ళు, పెద్దాసుపత్రికి బయల్దేరిన ముసలాయన. అందరూ ఒకే బల్లమీద. సమసమాజం ఎక్కడుందని వెతికేవాళ్ళు రేవుకి రావచ్చు. టికెట్టు కొనుక్కునే రావాలి.

ఇతర దేశాల్లో ఇలాంటి చోటుని ఫెర్రీ టెర్మినల్ అంటారు. మనకీ ఉన్నాయి టెర్మినళ్ళు. వెయిటింగ్ హాలు టీకొట్టు ముందు బల్ల. అది నిండితే చెట్టునీడ, చెట్టు లేకపోతే పక్కవాడి గొడుగు. ప్లాట్‌ఫారం మాత్రం ఎక్కడా లేనంత ఆధునికం, రోజూ మారుతుంది. పోటుకి ఒకచోట, పాటుకి ఒకచోట. పోటు మీద బండి నేరుగా ఎక్కుతుంది. పాటులో బురద, దానిమీద పలకలు, పలకల మీద నుంచి మోటారు సైకిలు, దాని వెనక చంకలో బిడ్డతో ఇల్లాలు. టైంటేబులు అడిగితే ‘అదిగో వచ్చేస్తోంది’ అంటారు. మరుగుదొడ్డి సంగతి అడక్కండి. రేవు దాటాల్సిన రోజున ఆడవాళ్ళు పొద్దుటినించే నీళ్ళు తాగడం మానేస్తారు. చుట్టూ కనుచూపుమేర నీళ్ళు, మధ్యలో దాహంతో ఆడమనిషి. దీనికి మన ప్రణాళికల్లో ఏ పద్దూ లేదు.

పోనీ బాగుచెయ్యమని అడగండి. ఆఫీసరుగారు చల్లగా నవ్వుతారు. ‘వంతెన వచ్చేస్తుంటే ఇంకా ర్యాంపులూ షెడ్లూ ఏమిటండీ? రెండేళ్ళ ముచ్చట కోసం ప్రజాధనం తగలేస్తామా?’ న్యాయమే కదా అని వెనక్కొచ్చి, వంతెన ఎప్పుడని నాయకుణ్ణి అడగండి. ‘తొందరేముందయ్యా, రేవు నడుస్తోందిగా!’ వంతెన వస్తోంది కాబట్టి రేవు బాగుచెయ్యరు. రేవుంది కాబట్టి వంతెన కట్టరు. ఇంతటి పకడ్బందీ తర్కం పూర్వం కాశీ పండితులకైనా తట్టిందో లేదో. ఇందులో ఎక్కడా అబద్ధం లేదు, ఎవరి తప్పూ లేదు, ఒక్క పనీ జరగదు.

నరసాపురం - సఖినేటిపల్లి వంతెనే తీసుకోండి. ఒకటికి రెండుసార్లు శంకుస్థాపన జరుపుకున్న భాగ్యశాలి అది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టు దానికి వశిష్ఠ వారధి అని పేరు కూడా పెట్టేసుకున్నాం. ఏ పార్టీ అని అడక్కండి. ఈ విషయంలో పార్టీలు ఒకదానికొకటి తీసిపోలేదు. కొబ్బరికాయలు పగిలాయి, పలుగులు పూజలందుకున్నాయి, చప్పట్లు మోగాయి. మన ఇంజనీర్లు నది మీద వంతెన ఎక్కడైనా కట్టగలరు, ఒక్క శిలాఫలకం మీద తప్ప.

ఈ నరసాపురం సామాన్యమైన ఊరనుకునేరు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీవాళ్ళు ఇక్కడికొచ్చి సముద్రం మీద తిరిగే ఓడలు కట్టించుకున్నారు. మాధవాయపాలెం బట్ట పేరు యూరప్ బజార్లలో మోగింది. అలాంటి ఊరి జనం ఇవాళ ఒడ్డున నిలబడి అవతలి గట్టు నుంచి పంటు బయల్దేరిందా లేదా అని చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. నాలుగు వందల ఏళ్ళలో మనం సాధించిన ప్రగతి ఇది. ఓడలు కట్టే స్థాయి నుంచి ఓడ కోసం ఎదురుచూసే స్థాయికి ఎదిగాం.

వంతెన అసాధ్యమా అంటే కాదు. పక్క పాయ మీదే సాక్ష్యం ఉంది. యానాం - ఎదుర్లంక మధ్య గౌతమి మీద వంతెన 2002లో తెరుచుకుంది. దాని వెనక ఉన్నది జి.ఎం.సి. బాలయోగి పట్టుదల. ఆ ఏడాది మార్చిలోనే హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు, వంతెనకి ఆయన పేరే పెట్టారు. కోనసీమ బిడ్డ ఢిల్లీ వెళ్ళి లోక్‌సభ స్పీకరు కుర్చీలో కూర్చుంటే తప్ప ఒక పాయ మీద వంతెన పడలేదన్నమాట. ఈ లెక్కన తక్కిన పాయలన్నిటికీ కలిపి మనం ఇంకా ఎంతమంది స్పీకర్లని కనాలో కోనసీమ తల్లులే తేల్చుకోవాలి.

రైలు కథ ఇంకా రసవత్తరం. కాకినాడ నుంచి కోటిపల్లిదాకా తెల్లదొరలు 1928లో రైలు వేశారు. యుద్ధం వచ్చింది, 1940లో పట్టాలు పీక్కుపోయారు. పీకిన పట్టాలు మళ్ళీ వేసుకోవడానికి స్వతంత్ర భారతానికి 2004దాకా పట్టింది. అక్కడినుంచి నది దాటి నరసాపురందాకా కలపాల్సిన లైను 2000-01లో మంజూరైంది. పాతికేళ్ళు దాటింది. గౌతమిలో స్తంభాలైతే లేచాయి. నదిలో దిగిన స్తంభం ఒడ్డున ఉన్న ఓటరుకి బాగా కనబడుతుంది. ఆ మాటకొస్తే కనబడటమే దాని ప్రస్తుత ఉద్యోగం.

ఇక రేవు ఆర్థికశాస్త్రం. రేవుని ఏటా వేలం పాడతారు. పాటదారు డబ్బు కడతాడు, టికెట్టు మీద రాబట్టుకుంటాడు. ఆయన తప్పేం లేదు, వ్యాపారం. దీనికి మూలపురుషుడు 1890 నాటి మద్రాసు చట్టం, కాలువలకీ రేవులకీ కలిపి చేసింది. విక్టోరియా మహారాణి పోయింది, మద్రాసు రాజధాని పోయింది, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రెండైంది. రేవు పాట మాత్రం చెక్కుచెదరలేదు. ఒకటి గమనించండి. ఏటా రేవు నుంచి డబ్బు ప్రభుత్వ పక్షానికి వెళ్ళడానికి పక్కా ఏర్పాటుంది. తేదీ ఉంది, రసీదు ఉంది, డిపాజిట్టు ఉంది. ఆ డబ్బులో ఇంత మళ్ళీ రేవుకి రావాలన్న ఏర్పాటు మాత్రం ఏ రేవుకి వెళ్ళినా నా కళ్ళకి కనపడలేదు. ప్రభుత్వం ఒడ్డున కూర్చుని పాట వింటుంది. పాట బావుంటే వచ్చే ఏడు ఇంకాస్త పెంచమంటుంది. ఇలా పాడే గొంతు ఉన్నంతకాలం వంతెన ఎందుకు? వంతెనని ఏటా వేలం వెయ్యడం కుదరదు కదా!

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలొచ్చాయి. సఖినేటిపల్లి కోనసీమ జిల్లా, నరసాపురం పశ్చిమ గోదావరి. అంతకుముందు కూడా తూర్పూ పడమరా అని వేరే కాబట్టి నదికి పెద్ద తేడా తెలియలేదు. చిక్కల్లా అప్పుడూ ఇప్పుడూ ఒకటే, పంటు మధ్యలో ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలనేది. ఈ గట్టు కలెక్టరేటుకి చేస్తే అది ఆ గట్టుదంటారు. వాళ్ళకి చేస్తే మీ పంటు ఇంకా మా జలాల్లోకి రాలేదంటారు. రెండు దేశాల మధ్య సముద్ర సరిహద్దు తగాదాలైనా ఇంతకంటే త్వరగా తెములుతాయి.

వర్షాకాలం వచ్చిందా, మజా మొదలు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి పది లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులైతే రెండోది, 17.75 అయితే మూడోది. ఈ అంకెలు లంకల్లో చంటిపిల్లాడికి కూడా నోటికొచ్చు. సర్కారీ పుస్తకంలో లేని అర్థాలు వాళ్ళకి ఇంకా తెలుసు. మొదటి హెచ్చరికకి పంటు ఆగుతుంది. రెండో దానికి టీవీ వాళ్ళు వస్తారు. మూడో దానికి హెలికాప్టర్ వస్తుంది, తలమీద ఒక చుట్టు తిరిగి వెళ్ళిపోతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, అన్నీ వచ్చాయి, అందరూ చూశారు. పి.గన్నవరం దగ్గర లంకలకి వేసవిలో పాయ మీద మట్టి దారి వేస్తారు. వరద మొదలవగానే గోదావరి దాన్ని తీసుకుపోతుంది. మళ్ళీ వేస్తారు, మళ్ళీ తీసుకుపోతుంది. వేసేవాడికీ తీసుకుపోయేదానికీ ఇద్దరికీ పని దొరుకుతోంది. మధ్యలో గర్భిణి నాటుపడవ మీద ఆసుపత్రికి వెళితే అది వార్త. క్షేమంగా ఒడ్డు చేరితే లోపలి పేజీ.

మొదటి పేజీకి ఎక్కాలంటే మునగాలి. 2017 నవంబరు 12న కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగింది. 2018 మే 15న దేవీపట్నం మండలంలో లాంచీ మునిగింది. 2018 జులై 14న పశువుల్లంక. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు. ఇరవైరెండు నెలల్లో నాలుగు. మొదటిదీ చివరిదీ విహారానికి వెళ్ళినవాళ్ళవి, దేశమంతా గుర్తుపెట్టుకుంది. రెండోది ఇంటికి వెళ్తున్న మన్యం జనానిది. మూడోదాన్ని మాత్రం మరోసారి చెప్పుకోవాలి. ఇక్కడ నవ్వించే ఓపిక నాకు లేదు. ఆ రోజు రెండో శనివారం, సెలవు. మొక్కలు నాటే సర్కారు కార్యక్రమం ఉందని పిల్లల్ని బడికి రప్పించారు. కార్యక్రమం అయ్యాక లంకలో ఉన్న ఇళ్ళకి పడవ మీద బయల్దేరారు. గౌతమి పోటుమీద ఉంది. ఆ పడవ వెళ్ళి కొట్టుకున్నది దేనికో తెలుసా? అదే లంక కోసం కడుతూ కడుతూ ఆగి ఉన్న వంతెన స్తంభానికి. వంతెన పూర్తయి ఉంటే పిల్లలు నడిచి వెళ్ళేవాళ్ళు. అసలు మొదలవకుండా ఉన్నా పడవకి దారి ఉండేది. సగం కట్టి వదిలెయ్యడమనే మన సొంత ఇంజనీరింగే బడిపిల్లల ప్రాణాలు తీసింది.

ప్రతి ప్రమాదం తర్వాతా లైఫ్ జాకెట్లు వస్తాయి. పంటులో ఓ మూల నారింజ రంగు గుట్టగా పోసి, పోకుండా తాడేసి గట్టిగా కట్టేస్తారు. మునిగేటప్పుడు ముడి విప్పుకోవాలి కాబోలు. విచారణ సంఘం వస్తుంది, సామర్థ్యానికి మించి ఎక్కించారని కనిపెడుతుంది. ఆ సంగతి ఎక్కినవాళ్ళకి ఎక్కేటప్పుడే తెలుసు. తరవాతి పంటు ఎప్పుడొస్తుందో తెలియని చోట ఈ పంటు వదులుకునే వెర్రివాడు ఎవడు? 1917 నాటి చట్టాన్ని పక్కనబెట్టి కేంద్రం 2021లో కొత్త అంతర్గత నౌకల చట్టం తెచ్చింది. తనిఖీ ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, బీమా ఉండాలి, ప్రాణరక్షణ సామగ్రి ఉండాలి అంది. బ్రహ్మాండమైన చట్టం. పంటు దొరకలేదేమో, రేవు దాటి ఇవతలికి రావడం ఆలస్యమవుతోంది.

అలాగని మన పాలకులకి నీళ్ళంటే ప్రేమ లేదనడం పాపం. ప్రేమ ఉంది, గగనానికెగసే ప్రేమ. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరింది. నీళ్ళ మీద లేచి నీళ్ళ మీద దిగే విమానం. చూడముచ్చటగా ఉంది, కాదనను. అదే కృష్ణమ్మ చివరకి వెళితే ఎలిచెట్లదిబ్బ జనం పడవ కోసం ఒడ్డున కూర్చుని ఉంటారు. ఎగువన విమానం, దిగువన పడవ. నది ఒకటే, శతాబ్దాలే వేరు. ఇక జాతీయ జలమార్గం నంబరు 4 అని ఒకటుంది. కాకినాడ నుంచి పుదుచ్చేరిదాకా కాలువల్నీ, గోదావరి కృష్ణల్నీ కలిపి 2008లో 1,078 కిలోమీటర్లని ప్రకటించారు. 2016 చట్టంలో అది 2,890 అయింది. తీరం పెరిగినట్టే ఇదీ పెరిగింది, ఎవరి కాలికీ తడి తగలకుండా. ఈ జోరు చూస్తే రేవుల సమస్యకి ఒక మార్గం తోస్తోంది. పంటుల్ని వదిలేసి, నది వెడల్పు తగ్గించి మళ్ళీ కొలిపించండి. రెండు గట్లూ కాగితం మీద కలిసిపోతాయి.

పని కాకముందే పండగ చేసుకునే ఈ విద్య మనకొక్కళ్ళకే సొంతమని గర్వపడక్కర్లేదు. స్కాట్లండ్‌లో దీవుల జనం కోసం గ్లెన్ సానక్స్ అని ఒక ఫెర్రీ కట్టడం మొదలెట్టారు. 2017 నవంబరులో అక్కడి ప్రథమ మంత్రి వచ్చి జలప్రవేశం చేయించేసరికి ఓడకి కిటికీలు లేవు. మరి ఫొటోలు బాగా రావాలిగా? కిటికీలున్నట్టు రంగేశారు. ఓడ జనాన్ని ఎక్కించుకుంది 2025 జనవరిలో. తీరా చూస్తే అది మామూలుగా ఆగాల్సిన ఆర్డ్రోసన్ రేవులో పట్టదు. వేరే రేవు నుంచి నడుపుతున్నారు. మనవాళ్ళలో ఒకాయనైనా అక్కడికి వెళ్ళి సలహా ఇచ్చొచ్చాడని నా అనుమానం. కాకపోతే ఒక తేడా ఉంది. అక్కడ ఆడిటర్లు నిలదీశారు, చట్టసభ కమిటీ నెలల తరబడి పిలిచి అడిగింది, ఖర్చెంతో కాలమెంతో ప్రతి పౌరుడికీ తెలిసింది. మన దగ్గర కిటికీలకి రంగెయ్యాల్సిన అవసరమే లేదు. ఓడే లేదు, రాయి ఉంది.

అంతర్వేది తీర్థానికి రండి, మిగతాది చూద్దురుగాని. మాఘమాసంలో నరసింహస్వామి కల్యాణం, రథోత్సవం. పశ్చిమ నుంచి వచ్చే భక్తులు వేలాదిగా నరసాపురం - సఖినేటిపల్లి రేవు దాటాలి. ఆ నాలుగు రోజులూ రేవు ముస్తాబవుతుంది. లైట్లు వెలుగుతాయి, బారికేడ్లు లేస్తాయి, పోలీసులుంటారు, పంటులు పెరుగుతాయి, మంచినీళ్ళూ దొరుకుతాయి. అంటే చెయ్యడం చేతనవునన్నమాట! తీర్థం అయిన మర్నాడే లైట్లు విప్పుకుని వెళ్ళిపోతారు. తక్కిన 361 రోజులు రేవు దాటేవాళ్ళు భక్తులు కారు, ఉత్త మనుషులు. స్వామివారికి ఇది నచ్చుతుందో లేదో కానీ, ఏటా వచ్చే పెద్దలకి మాత్రం ఇబ్బంది లేదు. వాళ్ళు చించినాడ వంతెన మీదుగా కారులో చుట్టూ తిరిగొస్తారు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన పెద్దలు అన్నారు. పెద్దలకి తెలియని కొత్త రకం ఇప్పుడొచ్చింది. అసలు ఏరే దాటకుండా ఓట్లు దాటించుకునే రకం.

ఎన్నికలు దగ్గరపడితే కొబ్బరికాయ మళ్ళీ వస్తుంది. రేవు జనానికి నా విన్నపం ఒకటే. అడ్డుచెప్పకండి, రానివ్వండి. కాకపోతే రాయి మీద పేర్లు చెక్కించే ముందు, పని పూర్తయ్యే తేదీ చెక్కించమనండి. ముహూర్తం రాత్రి పదింటికి పెట్టించండి. వచ్చే పెద్దల్ని చించినాడ మీంచి కాకుండా రేవు మీంచే రమ్మనండి, ఒడ్డున టార్చిలైటు ఊపుతూ సరంగుని కేకేసి పిలుచుకోమనండి. టికెట్టు డబ్బులు తీసుకోవడం మర్చిపోకండి. వంతెన వచ్చేదాకా పోటుకీ పాటుకీ పనికొచ్చే ర్యాంపు, ఒక షెడ్డు, ఆడవాళ్ళకి మరుగుదొడ్డి, రాత్రంతా దీపాలు, అంబులెన్సు ఎక్కడానికి సిద్ధంగా ఒక పంటు కావాలని అక్కడే, మైకు ముందే అడగండి. వీటికి అయ్యేది ఆ వంతెన అంచనాల్లో చిల్లర.

మైకు దొరక్కపోతే కాగితం తీసుకోండి. మీ రేవు పాట కింద గత అయిదేళ్ళలో ఎంత వచ్చిందో, అందులో రేవు మీద ఎంత ఖర్చుపెట్టారో చెప్పమని సమాచార హక్కు దరఖాస్తు రాయండి. గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలని చట్టం.